జిన్నులో బ్రాందీ పోసే మనుషుల మధ్య మా మామ

మా మామ పోయాడు. మా ఆయన తండ్రి. హిందూపురం ఆస్పత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ధర్మవరంలో, బడిలో పాఠం చెబుతున్నాను. పెనుకొండలో ఇంటికి చేరేసరికి అరుగు మీద కూర్చున్నవాళ్లు "తాగి తాగి పోయినాడంట గదా?" అని అడిగారు. గుండె ఆగి పోయాడు. ఆదివారం సాయంత్రం ఒకే ఒక్క గ్లాసు తాగే మనిషి గురించి, రోజూ గోడలు పట్టుకుని ఇల్లు చేరేవాళ్లు అడిగిన మాట ఇది. ఆ మొహాలకు జవాబు కూడా దండగ అనిపించింది.

మామ బెంగళూరులో ఒక క్లబ్బు బార్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాడు. ఆయన తాగేది జిన్ను అనే రంగులేని మందు, అందులో టానిక్. టానిక్ అంటే కాస్త చేదుగా ఉండే సోడా. పొడుగు గ్లాసు ముందే ఫ్రిజ్‌లో పెట్టుకునేవాడు. దాని నిండా ఐసు, ఐసు మీద కొలిచిన జిన్ను, ఆపైన గ్లాసు వంచి అంచు వెంబడి మెల్లగా టానిక్. స్పూనుతో ఒక్కసారి కదిపి, నిమ్మచెక్క పిండి అందులోనే వేసేవాడు. "ఐసు ఏసేదాంట్లో పిసినారితనం చేస్తే తొందరగా కరిగి నీళ్లయితాది మ్మా" అనేవాడు. గ్లాసు కింద చిన్న గుడ్డ మడిచి పెట్టి, అప్పుడు కూర్చునేవాడు.

ఒకసారి ఆయన తమ్ముడు, మా చిన్నమామ, గోరంట్ల నుంచి స్నేహితులను వెంటేసుకుని వచ్చాడు. మామ ఉత్సాహంగా అందరికీ కలిపి ఇచ్చాడు. చిన్నమామ ఒక్క గుక్కలో దింపి, "ఏమన్నా, సోడా మాదిరుండాది, కిక్కు యాడ?" అంటూ ఆ ఐసు మీదే బ్రాందీ పోసుకున్నాడు. మిగతా ఘనులు నిమ్మసోడాలోకి అడిగినట్టు ఉప్పు అడిగారు.

"నీకు గ్లాసెందుకప్పా, గరాటు చాలు" అన్నాడు మామ. మళ్లీ వాళ్లకు కలపలేదు.

నాకు కలిపాడు. ఒక ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుతుంటే నా ముందు గ్లాసు పెట్టాడు. జిన్ను లేదు, మిగతావన్నీ ఉన్నాయి, కింద గుడ్డతో సహా. "తాగేదీ మానేదీ నీ ఇష్టం మ్మా. ఇచ్చేటిది మాత్రం సక్కంగా ఇయ్యల్ల" అన్నాడు. ఆ ఇంట్లో కోడలి ముందు మంచినీళ్లు పెట్టిన మగవాడు కూడా అంతవరకూ లేడు. నాకు ఏడుపొచ్చింది.

పోయినవాళ్లకు ఇష్టమైనవి దినం నాడు సమాధి దగ్గర పెడతారు మావాళ్లు. చిన్నమామ ప్లాస్టిక్ గ్లాసు, బ్రాందీ సీసా తెచ్చాడు. "జిన్ను ఆడోళ్ల మందు. పెడితే నలుగురూ నగుతారు" అన్నాడు. అన్న నోటికి నచ్చనిది ఒక చుక్క పెట్టి, మిగిలింది తాము పంచుకునే భక్తి అది. బతికుండగా ఎగతాళి చేసింది చాలు, ఈ ఒక్క గ్లాసైనా ఆయనకు సరైనది దక్కాలని నా పంతం. వీళ్ల సంగతి తెలుసు కనుక ఫ్లాస్కులో ఐసు, మిగతా సరంజామా సంచిలో తెచ్చుకున్నాను.

"ఆడమనిషి మందు కలుపుతాదా?" అన్నారెవరో. కలిపాను. చుక్క ఒలకలేదు. సమాధి మీద పెట్టాను.

కర్పూరం ఆరకముందే చిన్నమామకు తొందర. "ఇంగ లేమ్మా, అయిపోయ గదా."

"ఉండు మామా, తాగనీ. ఆయన మీ మాదిరి గటగటా తాగడు" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఎండలో గ్లాసు చుట్టూ చెమ్మ పట్టింది, లోపల బుడగలు ఇంకా లేస్తున్నాయి.