మలక్కా ఒడ్డున ‘తెంగ్’ అన్న మాట

మలక్కాకు నేను మొదటిసారి వెళ్ళింది ఊరు చూడడానికి కాదు, మా మామయ్య కోసం. మామయ్య సత్తెయ్య మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్ళది భీమిలి దగ్గర చేపలు పట్టే పల్లె. కరువుకు తాళలేక ఓడెక్కి మలయా దేశం వచ్చి, సుంగై పెటాని దగ్గరి రబ్బరు తోటలో కూలికి చేరారు. అమ్మ తోటకు అలవాటు పడింది. మామయ్య పడలేదు. చెట్లకు గాట్లు పెడుతూనే గాలి ఎటు తిరిగిందో చూసేవాడట. ఒకరోజు పని మానేసి సముద్రం దగ్గరికి పోతానన్నాడు. ఒప్పందం మధ్యలో వదిలేస్తే తననూ తోటలోంచి గెంటేస్తారని అమ్మకు భయం. ఆ కోపంలో, “పో, ఆ సముద్రంలోనే పడి సావు” అంది. మామయ్య తెల్లారేసరికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత కబురు లేదు.

కొన్నేళ్ళకు నాకు కౌలాలంపూర్ రైల్వేలో పని దొరికి, అమ్మా నేనూ అక్కడి బ్రిక్‌ఫీల్డ్స్‌కు మారాము. మలక్కా నుంచి వచ్చిన ఒక తెలుగు ఫిట్టరు మాటల మధ్యలో, ఎప్పుడో అక్కడ స్థిరపడ్డ పోర్చుగీసువాళ్ళ సంతతి జాలర్లతో కలిసి రొయ్య పొట్టు, అంటే చిట్టి రొయ్యలు, పట్టే మన మనిషి ఒకడున్నాడని చెప్పాడు. పేరు తెలియదు కాని వల భుజాన వేసుకుని మన పడవ పాట పాడతాడట. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు నేను సెలవు పెట్టాను.

వెళ్ళాలనుకునేవారి కోసం దారి చెబుతాను. కౌలాలంపూర్‌లో పొద్దున్నే బయలుదేరే దక్షిణపు బండి ఎక్కి తంపిన్‌లో దిగాలి. అక్కడి నుంచి మలక్కాకు చిన్న బండి వేరే ఉంటుంది. మూడో తరగతికి మనిషికి ఇక్కడి లెక్కలో రెండు డాలర్ల పైచిలుకు అయింది. సెరంబన్ దాటేదాకా రబ్బరు తోటలే. వరుసలు వరుసలుగా వెనక్కి పోతున్న ఆ చెట్లను చూస్తూ అమ్మ, “ఇన్ని సెట్ల మద్దిన ఆడికి ఊపిరాడనేదు కాబోలు” అంది. మామయ్య వెళ్ళిపోయాక ఆమె అతని పక్షాన మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

తంపిన్ ప్లాట్‌ఫారం మీద ఒక ఫ్రెంచి పాదిరిగారు కలిశారు. తెల్లని అంగీ, ఎర్రబారిన మెడ. తోటల్లోని తమిళ క్రైస్తవుల మధ్య చాలాకాలం ఉన్నారట, తమిళం చక్కగా మాట్లాడుతున్నారు. తోటలో ఉన్న మాకూ అది అలవాటే. మలక్కాకు ఆయనకూ అదే తొలి ప్రయాణం. అమ్మ పులిహోర పొట్లం విప్పి ఆయనకూ పెట్టింది. మేము వచ్చిన పని విని, “ఆ జాలర్లు మా మతం వాళ్ళే. వాళ్ళ భాష నాకు రాదు, కాని అది మా భాషకు చెల్లెలు లాంటిది. నేను అడిగి పెడతాను” అన్నారు. అమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

మధ్యాహ్నానికి మలక్కా చేరాము. స్టేషను బయట రెండు రిక్షాలు మాట్లాడుకున్నాము. చీనా రిక్షావాడు ఇరవై సెంట్లకు బందర్ హిలిర్ ఒడ్డుదాకా లాగుతానన్నాడు. పాత చర్చి గోడలు మోసుకుంటూ నిలబడ్డ దిబ్బ పక్కనుంచి దారి సముద్రం వైపు తిరిగింది. ఉప్పుగాలి తగలగానే అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వాసన పడక అనుకున్నాను. చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది.

తాటాకు కప్పుల గుడిసెలు, ముందు చాపల మీద ఆరబోసిన ఎర్రని రొయ్య పొట్టు, వెదురు గడలకు వేలాడే వలలు. ఒక ఇంటి గుమ్మంలో ముసలామె చేట పట్టుకుని కూర్చుంది. పాదిరిగారిని చూడగానే లేచి ఆయన చేతికి ముద్దు పెట్టి, “తెంగ్ బొంగ్?” అని పలకరించింది. నేను రిక్షాల దగ్గర మూటలు దించుతున్నాను. పాదిరిగారు నెమ్మదిగా, విడమరిచి, సత్తెయ్య పేరు చెప్పి అడిగారు. ముసలామె ముఖం విప్పారింది. చేత్తో నీళ్ళకేసి చూపిస్తూ, “ఎలి తెంగ్ నా మార్” అంది.

పాదిరిగారు తప్పుగా విన్నానేమోనని మళ్ళీ అడిగారు. ఆమె మళ్ళీ అదే మాట చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. అమ్మ వైపు తిరిగి, పిడికిలి బిగించి చూపుతూ, తమిళంలో మెల్లగా, “అమ్మా, సముద్రం అతన్ని పట్టుకుందంటోంది” అన్నారు.

అమ్మ నిలువునా కూలబడింది. “నా నోరు పడిపోను! నానే సంపీసినాన్రా తమ్ముడూ, నా మాటే తగిలీసినాది!” అని ఇసుకను గుప్పిళ్ళతో తల మీద పోసుకుంది. ముసలామె బెదిరిపోయి చేట కింద పడేసింది. నేను మూటలు వదిలేసి పరుగెత్తాను. ఆమె భాష నాకూ రాదు. కాని రైల్వేలో పనిచేసేవాడికి బజారు మలాయి రాకపోతే పూట గడవదు కదా. వగరుస్తూనే మలాయిలో అడిగాను: “అవ్వా, ఆ మనిషి చచ్చిపోయాడా?”

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. “చావడమేమిటి? అదా! అదా!” అంది. “సముద్రంలో అదా. వల తోస్తున్నాడు. పోటు రాగానే ఇంటికి వస్తాడు. నా చిన్నకూతురు రోసాకు మొగుడు, చావడమేమిటి!”

మలాయిలో ‘అదా’ అంటే ఉన్నాడు, ఉంది. ఆ ఒక్క మాటా రాకుండా ఈ దేశంలో ఎవరూ ఉప్పు కూడా కొనలేరు. నేను అమ్మ భుజాలు పట్టుకుని కుదిపాను. “ఉన్నాడమ్మా! మామయ్య ఉన్నాడు!”

అమ్మ నా ముఖంలోకి చూసింది. “ఉన్నాడా?” అంది. “ఉన్నాడా?” అని మళ్ళీ అంది. ఎన్నిసార్లు అందో చెప్పలేను.

పాదిరిగారు మోకాళ్ళ మీద ఇసుకలో కూర్చుని అమ్మను క్షమించమని అడిగారు. గడప మీద నీడలో కూర్చోబెట్టి ముసలామె మంచినీళ్ళు ఇచ్చాక, జరిగినదేమిటో ఆయన విడమరిచారు. వాళ్ళ పాత లాటిను భాషలో ‘తెనెరె’ అంటే చేత్తో పట్టుకోవడమట. ఫ్రెంచిలో ఆ క్రియ ‘తెనీర్’ అయింది కాని అర్థం మారలేదు, ఇప్పటికీ పట్టుకోవడమే. స్పెయినువాళ్ళ నోట్లో అదే మాట, పట్టుకున్నది మన దగ్గరే ఉంటుంది గనుక, కలిగి ఉండటమైంది. “మా ఊరు స్పెయిన్ సరిహద్దు కొండల్లో ఉంది. మా నాయనమ్మ చలికాలంలో ‘తెంగో ఫ్రియో’ అనేది, నాకు చలి ఉందని. నాకు గుర్తు రావలసింది” అన్నారు. పోర్చుగీసులోనూ అది కలిగి ఉండటమే. ఇక్కడ ఈ ఒడ్డున, మలాయి ‘అదా’ పక్కన తరతరాలు కాపురం చేసి, ఉత్తి ‘ఉండటం’ కూడా అయిందని తేలింది. ముసలామె కుండ మూత తీసి అన్నం చూపిస్తూ, “తెంగ్ అరోస్” అంది. అన్నం ఉంది, తినండి అని. మాకు వివరించి చెప్పక్కరలేకపోయింది.

అమ్మ అంతా విని, “మాకాడ అలాటి మాట నేదు బాబూ” అంది పాదిరిగారితో. “నాకు తమ్ముడున్నాడు అంటాం. ఉంటే ఉన్నట్టు. పట్టుకుంటే ఉంటారేటి మనుషులు?”

పొద్దు వాలుతుండగా నీళ్ళలోంచి మనుషులు లేచి వచ్చారు. ఛాతీదాకా తడిసి, రెండు వెదురు గడల వలను ముందుకు తోసుకుంటూ. అందులో ఒకరు ఆగిపోయారు. అమ్మ గట్టు దిగి చీరతోనే నీళ్ళలోకి నడిచింది.

“అప్పా!” అన్నాడు మామయ్య, మా పల్లెలో అక్కను పిలిచే తీరున. వల వదిలేశాడు. “అప్పా, నువ్వేటి ఇక్కడ?”

“సిక్కిపోనావేట్రా. తింటన్నావా?” అంది అమ్మ. ఏళ్ళ తరబడి లోపల దాచుకున్నదంతా ఆ రెండు ముక్కల్లోనే వచ్చింది. తరువాత ఇద్దరూ ఏడ్చారు.

ఆ పూట రోసా తాజా రొయ్య పొట్టును ఉల్లి, మిరప వేసి వేయించి పెట్టింది. పక్కన అన్నంతో కలిపి ఊరబెట్టిన పుల్లని రొయ్యలు. చింజలోక్ అంటారు, అక్కడికి వెళ్ళినవారు తప్పక తినాలి. రోసాకు నెలలు నిండుతున్నాయి. తనతో కౌలాలంపూర్ రమ్మని, రైల్వేలో నేను ఏదో పని చూస్తానని అమ్మ మామయ్యను అడిగింది. మామయ్య చాలాసేపు కంచంలో వేళ్ళు తిప్పాడు. “ఈ గాలి ఇడిసి నానెక్కడికీ రానేనప్పా. ఈలు నన్ను పరాయోడిలా సూడరు. నువ్వే వస్తా పోతా ఉండలా” అన్నాడు. చివర తగిలించిన ఆ మలాయి ‘లా’ విని అమ్మ ఫక్కున నవ్వింది.

మర్నాడు పొద్దున్న అమ్మ ఒంటరిగా ఒడ్డుకు వెళ్ళింది. నేను గుమ్మంలోంచి చూశాను. వంగి, దోసిట సముద్రపు నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది. తిరిగి వచ్చి, “ఆ మాట కడిగీసినాను” అంది, అంతే. మామయ్య ఆమె ఎదుట కూర్చుని వల అల్లుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, “ఎప్పుడో మరిసిపోనానప్పా” అన్నాడు. ఆమె నమ్మలేదనుకుంటాను. కాని బండిలో తిరిగి వస్తూ, ఏళ్ళ తరువాత మొదటిసారి, కూర్చున్నచోటే హాయిగా నిద్రపోయింది.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. అమ్మ ఆ తరువాత రెండుసార్లు మలక్కా వెళ్ళి, మామయ్య కూతురికి పాలపళ్ళు రావడం చూసి, కిందటేడు వానల్లో పోయింది. ఇప్పుడు నేను ఒక్కణ్ణే వెళతాను. భాషలు ఎంత దూరం ప్రయాణం చేస్తాయో, దారిలో ఎన్ని అర్థాలు దించేసి ఎన్ని ఎక్కించుకుంటాయో పాదిరిగారు చెప్పిన రోజు నేను సగమే విన్నాను. నా చూపంతా నీళ్ళ మీదే ఉంది. ఇప్పుడు తంపిన్‌లో చిన్న బండి కోసం కాచుకునే ప్రతిసారీ ఆయన మాటలన్నీ మొదటినుంచి వినాలనిపిస్తుంది, అమ్మ పక్కన కూర్చుని పులిహోర పంచుతుండగా.

ఆ ఒడ్డుకు వెళ్ళేవారికి ఒక్క సలహా. బయలుదేరే ముందు ఆటుపోట్ల వేళ కనుక్కోండి. ఆటు సమయంలో ఇళ్ళలో మగవాళ్ళు ఉండరు. ఎవరు ఏమి చెప్పినా కంగారుపడకుండా, గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చోండి. పోటు మొదలైతే అందరూ వచ్చేస్తారు.