తాళం గుంజి చూసే పెద్దమ్మ

బస్తర్‌లోని మా బచేలి గని క్వార్టర్లలో ఊరెళ్లేవాళ్లు తాళం వేశాక పక్కింటి ముందు ఆగి, "ఇల్లు కాస్త చూస్తూండండి" అని చెప్పి కదులుతారు. మా పక్కింట్లో పెద్దమ్మ ఉంటుంది. చుట్టమేమీ కాదు, అలా పిలుస్తాను. సుక్మా అవతలి పల్లె ఆమెది. కొడుక్కి గనిలో ఉద్యోగం వచ్చాక ఇక్కడికి వచ్చింది. నేను చెప్పినప్పుడల్లా "ఫికరు వెట్టుకోకు బిడ్డా, నేను లేనా ఏంది" అనేది.

మొన్న వేసవి సెలవుల ముందు పోలీసులు కాలనీలో మీటింగు పెట్టారు. ఊరెళ్తే స్టేషన్‌లో చెప్పండి, ఇంకెవరికీ చెప్పకండి, కెమెరా పెట్టించుకోండి అన్నారు. వాళ్లు మా మంచికే చెప్పారు. నేను బుద్ధిమంతురాలిలా అన్నీ చేసి, పెద్దమ్మకు మాటైనా చెప్పకుండా చుట్టాల పెళ్లికి విజయనగరం రైలెక్కాను.

పెళ్లింట్లో ఉండగా ఒక సాయంత్రం ఫోన్‌లో కెమెరా గంట మోగింది. చూస్తే తల నిండా కొంగు కప్పుకున్న ఎవరో మా గుమ్మం ముందు వంగి తాళం లాగుతున్నారు. వెంటనే పోలీసులకు ఫోన్ చేశాను. చేసి ఊరుకున్నానా, చుట్టాలందరికీ చూపించాను. బస్తర్‌లో ఎలా ఉంటున్నావే అని జాలిపడేవాళ్ల ముందు అదో గొప్ప నాకు.

ఆ మనిషి పారిపోలేదు. మా మెట్ల మీదే కూర్చుంది. పోలీసులొచ్చి ఎవరు, ఏ ఊరు, ఆధార్ ఏదని హిందీలో అడిగితే లేచి నిలబడి కొంగు తీసింది. పెద్దమ్మ. సుక్మా వైపు అంటేనే నక్సలైట్ల అనుమానం కదా, ఊరి పేరు చెప్పాక అదే మళ్లీ మళ్లీ అడిగారు. ఆమె చేతులు జోడించింది.

ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కితే నా గొంతు అక్కడ వినిపిస్తుంది. ఆమె మా మనిషే అని ఒక్క మాట అంటే సరిపోయేది. చుట్టాలు నా భుజం మీదుగా చూస్తున్నారు. పక్కింటావిడనే దొంగని పట్టించానని వాళ్ల ముందు బయటపడటానికి సిగ్గేసి నొక్కలేదు. ఆఖరికి కొడుకు పరుగెత్తుకొచ్చి కార్డు చూపించి తీసుకెళ్లాడు.

తిరిగొచ్చాక తల దించుకుని వాళ్లింటికి వెళ్లాను.

"చెప్పకుండ పోయిన్రు గదా బిడ్డా. తొందరల తాళం సక్కగ పడ్డదో లేదో అని గుంజి చూసిన," అంది.

"మేం ఊరెళ్లినప్పుడల్లా అలాగే చూస్తావా?"

"రోజూ పొద్దుగూకంగ చూస్త. చూడమంటిరి గదా."

ఆమె గొంతులో కోపం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది. కెమెరా తీసేద్దామంటే మా ఆయన వినలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

పెద్దమ్మ ఇప్పటికీ ఇంత చింతచిగురు పట్టుకుని వస్తుంది. గేటు బయటే ఆగి, కొంగు తీసి, మొహం కెమెరాకి కనబడేలా పైకెత్తి నిలబడుతుంది. తలుపు తెరిచే ఉంటుంది, నేను ఎదురుగానే ఉంటాను. రా పెద్దమ్మా అని నేను పిలిచేదాకా లోపల అడుగు పెట్టదు.