రైఫిల్‌కి కొబ్బరినూనె

సరిహద్దులోని మంచు పోస్టుకి ఉదయం పదకొండింటికి చేరేను. మోకాలి లోతు మంచు. వీపున సామాను. అందులో అమ్మ పెట్టిన కొబ్బరినూనె సీసా.

మా హవల్దార్‌ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. వెళ్లగానే బేరం పెట్టేను.

"ఉస్తాద్, నా రైఫిల్ బదులు పోస్టులో ఉన్న ఆ స్నైపర్ రైఫిల్ ఇప్పించండి. నెల్లాళ్లు మంచు నేనే ఎత్తిపోస్తాను."

"దానికి గురెక్కువ. గుండు వెళ్లేటప్పుడు లోపల ఏదీ కదలదు. కానీ ప్రతి గుండుకీ బోల్టు చేత్తో లాగాలి. నీదాన్ని గుండు వెనక గ్యాసే నడుపుతుంది. లోపలి బరువు ఊగి గురి కాస్త చెదురుతుంది. అయితే భాగాల మధ్య ఖాళీ ఉంది. దుమ్ము పడ్డా ఆగదు. ఇక్కడ పొడిగా ఉంచు, చాలు."

అమలాపురంలో మాది తాళాల కొట్టు. బిగుతు తాళాలు సముద్రపు గాలికి పట్టేసి తిరిగొచ్చేవి, వదులువి వచ్చేవి కావు. కాబట్టి విషయం అర్థమైంది. కానీ ఏ తాళానికైనా మా కొట్టులో మందొకటే. సీసాలో గడ్డకట్టిన నూనెని స్టవ్ దగ్గర కరగబెట్టి మరీ, నా రైఫిల్లోని ఆ ఖాళీల నిండా పోసేను. కరగబెట్టేటప్పుడైనా బుర్ర వెలగాలి కదండీ!

మర్నాడు పొద్దున్న ఆరూ నలభై. కాపలాలో ఉస్తాద్, నేను. రేడియో పలికింది: "ఎదుటి గట్టు మీద ఇద్దరు. సిద్ధంగా ఉండండి."

మొదటి గుండు నాదాన్లోనూ చేత్తోనే ఎక్కించాలి. బోల్టు లాగేను. సగంలో ఆగింది. లోపల తెల్లగా, పేరిన నెయ్యిలా.

"ఏం పోసేవ్?"

"కొబ్బరినూనె, ఉస్తాద్."

"తలకా, తుపాకికా?"

నా గ్లవ్ జారిపోతోంది. ఆయన తన గ్లవ్ పీకేసి, ఉత్త చేత్తో బోల్టు పిడి పట్టి లాగేడు. రెండోసారికి వచ్చింది. గుండు లోపలికెళ్లింది. నేను గురిపెట్టేను. చాలాసేపటికి రేడియో: "వెనక్కి మళ్లేరు."

ఉస్తాద్ అరచెయ్యి మూసుకున్నాడు. "నీ రైఫిల్ పనిచేస్తోంది. ఇక తుడు."

ఆ పూటే మొత్తం విప్పి, కిరోసిన్‌తో కడిగి, పొడిగా తుడిచేను. ఆ పోస్టులో మిగిలిన ఐదు నెలలూ బయటుంటే గంటకోసారి బోల్టు ఆడించేను. వేళ్లు మొద్దుబారినా మానలేదు. మళ్లీ ఒక్కసారీ పట్టెయ్యలేదు.

ఇప్పుడు కొట్లో కూర్చుంటున్నాను. చలికాలం పొద్దున్నే సీసాలో నూనె తెల్లబడుతుంది.

"ఏవండీ, ఈ తాళానికి కాస్త నూనె వెయ్యమంటారా?" అనడుగుతారెవరో.

"ఆయ్, చుక్క చాలండి," అంటాను.

అంటూనే ఉస్తాద్ ఉత్త చేత్తో లాగిన ఆ పిడి కనిపిస్తుంది. ఇనుముకి అతుక్కుని, గోరంత చర్మం, గాలికి అల్లాడుతూ.