కోడిపిల్లల బలం మేత

మా ఇంట్లో కోడిపిల్లలు చచ్చిపోతే కారణం ఎప్పుడూ బయటి నుంచే వస్తుంది. ఇంట్లోవాళ్ళు తప్పు చెయ్యరు. మా మేనత్త అసలే చెయ్యదు. కోళ్ళ సంగతిలో తన మాటకు తిరుగు లేదని ఆమే చెబుతుంది, వీధి తల ఊపుతుంది.

పోయిన వేసవిలో పెట్ట పొదిగి లేపిన పిల్లలు గంప కింద నుంచి బయటికొచ్చి పెరడంతా తిరగడం మొదలుపెట్టాయి. సముద్రం దగ్గర కావడంతో మా వీధిలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. మా పెరట్లో చేతిపంపు ఒక్కటే తియ్యనిది. పక్కింటి వదిన రోజూ బిందె తెచ్చుకునేది. ఆమెకు పిల్లల్లేరు. ఆ రోజు పంపు కొడుతూ కోడిపిల్లలను చూసి, "ఎంత ముద్దుగుండాయి పెద్దమ్మా, దూదుండల మాదిరి" అంది మా అత్తతో.

మర్నాడు ఒక పిల్ల తూలుతూ నాలుగడుగులు వేసి వెల్లకిలా పడి చచ్చింది. మధ్యాహ్నానికి ఇంకో రెండు. ఒంటి మీద చిన్న గాటు కూడా లేదు.

"దాని నోరు పడ! కడుపు పండనోళ్ళ చూపు ఊరికే పోద్దా?" అంది అత్త.

ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. గేటుకు పాత చెప్పు కట్టింది. అది ఎడమకాలిదే కావాలట. శాస్త్రం అంత కచ్చితమైనది మరి. సాయంత్రం బిందెతో వచ్చిన వదినకు గేటు తియ్యలేదు.

"ఇంక నీళ్ళకు మా ఇంటికి రావద్దు మే."

వదిన చెప్పు వైపు చూసింది. ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది. అప్పటి నుంచి రొయ్యల గుంటలు దాటి, ఎండలో అవతలి వీధి కుళాయికి పోయేది.

నలుగురిలో నోరు తెరిస్తే నా గొంతు నాకే వినపడదు. కానీ అత్త మేత కలపడం మాత్రం గమనించాను. కూర వండే ముందు ఎండుచేపల ఉప్పు పోవడానికి నీళ్ళలో నానబెడతాం కదా, ఆ నీళ్ళను ఆమె పారబొయ్యదు. తవుడులో కలిపి పిల్లలకు పెడుతుంది, బలమని. ఈ పిల్లలకు ఆ వారమే మొదలుపెట్టింది. పైగా, పసివి నీళ్ళు తాగితే పారుకుంటాయని నీళ్ళ చిప్ప బోర్లించేస్తుంది. ఆమె అటు తిరిగాక ఆ తవుడు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. నోరంతా సముద్రమైంది.

బతికున్న పిల్లలను వేరే గంప కిందకు చేర్చి, నూకలు చల్లి, పంపు నీళ్ళు పెట్టాను. ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగాయి. ఇంకొకటి పోయింది. తక్కినవి నిలబడ్డాయి.

"చూసినారా, నా చెప్పు పనిచేసింది" అని అత్త వీధంతా చెప్పుకుంది.

ఇక ఊరుకోలేకపోయాను. తవుడు చిప్ప ఆమె ముందు పెట్టాను.

"రుచి చూడత్తా."

"నేనేమన్నా కోడినా?"

"నేను చూసినా. ఒట్టి ఉప్పు. నీళ్ళన్నా పెట్టవు. చంపింది వదిన చూపు గాదు, ఇదే."

"మాయమ్మ కాలం నించీ ఇదే పెడతన్నాం. నాలుగు పుస్తకాలు చదివి కోళ్ళ డాక్టరైనావా?"

"అప్పుడు గూడా చచ్చేవి గదా?"

వంటింట్లో మా అమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. మర్నాటికి తవుడు పొడిగా ఉంది, చిప్పలో నీళ్ళున్నాయి. ఎవరు పోశారని ఎవరూ అడగలేదు.

రెండ్రోజులాగి అత్త, "చూపు దిగిపోయిందిలే. దాన్ని నీళ్ళకు రమ్మను" అంది. చెయ్యని నేరానికి క్షమాభిక్ష. గేటుకున్న చెప్పు మాత్రం తియ్యలేదు. నేనే తెంపి పారేసి, వదినను పిలుచుకొచ్చాను.

ఆమె పంపు దగ్గర గోడ వైపు తిరిగి నిలబడి కొట్టింది. కారిన నీళ్ళ కోసం ఒక కోడిపిల్ల ఆమె పాదాల దగ్గరికి వచ్చింది. కాళ్ళు దగ్గరికి తీసుకుందే గానీ తల తిప్పలేదు.

"చూసినావా, ఇప్పుడు బుద్ధొచ్చింది దానికి" అంది అత్త, తృప్తిగా.