నూలు రంగు చూసొచ్చేలోపు ఫారం ఖాళీ

జంపఖానాల ఆర్డర్లు ఎక్కించడానికి నేను చేసిచ్చిన వెబ్ అప్లికేషన్‌లో రాసిందంతా మాయమవుతోందని చేనేత సంఘం నుంచి సరోజనక్క మూడోసారి ఫోన్ చేసింది. ఆవిడే ఏదో తప్పు నొక్కుతోందనుకుని, ఇవాళ సుబేదారి నుంచి కోపంగా బండేసుకుని కొత్తవాడలోని సంఘానికి వెళ్ళాను.

పక్కన కూర్చుని చూశాను. అక్క సగం ఫారం నింపి, నూలు రంగులు చూడటానికి స్టాకు పేజీకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఫారం ఖాళీ.

"పేజీ మారిస్తే పోతది అక్కా. ముందుగాల సేవ్ కొట్టాలె" అన్నాను.

"ఏం తమ్మీ, మగ్గం మీదికెల్లి లేసి బువ్వ తినొస్తే నేసిన జంపఖానా మాయమైతదా?"

పేజీతోపాటే అందులోని వివరాలూ చచ్చిపోయేలా రాసిన మొనగాణ్ణి నేనే. యూట్యూబ్‌లో కోడింగ్ నేర్చుకున్నవాడికైనా ఈ మాత్రం తోచొద్దా? అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, ఆర్డర్ సేవ్ అయ్యేదాకా వివరాలు పేజీ బయట విడిగా నిలిచి ఉండేలా మార్చాను. సేవ్ అయ్యాకే చెరుగుతాయి.

అక్క నమ్మలేదు. ఆరుసార్లు పేజీలు మార్చి చూసింది. ఒక్క అక్షరం పోలేదు.

"మంచిగైంది. ఇగ లే తమ్మీ, నాకు పనున్నది."

ఇంత హాయిగా నన్నెవరూ బయటికి పంపలేదు. తప్పు తమదే అయ్యుండి, ఎదుటివాళ్ళను తిట్టడానికి పెట్రోలు పోయించుకుని మరీ వెళ్ళినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? చేతులెత్తండి.