ధర్నాచౌక్‌కు తీసుకెళ్లిన రెండు కాగితాలు

ఆ ఆదివారం నేను పోగొట్టుకున్నవి ముందే చెబుతాను: ఒక పూట ఓవర్‌టైమ్ జీతం, ఎడమ కాలి చెప్పు, మడత గొడుగు, రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. మొదటి మూడింటి బెంగ తీరిపోయింది.

గాజాలో యుద్ధం ఆపాలని హైదరాబాద్ ధర్నాచౌక్‌లో సభ. పోలీసుల అనుమతి పదకొండు నుంచి ఒంటిగంట వరకే. మా పటాన్‌చెరు దగ్గరి చిట్కుల్‌లో చిన్న పిల్లలకు చదువు చెప్పే మార్తమ్మ టీచర్, ఈ యుద్ధంలో చనిపోయిన ఎనభై మంది పిల్లల పేర్లు రాసింది. ఎక్కువ గాజావి, కొన్ని ఇజ్రాయెల్‌వి. కాగితానికి నలభై. ఒకటి ఆమెది, ఒకటి నాది. బడిలో హాజరు పిలిచినట్టు మేం పేరు పిలవాలి, జనం "హాజర్" అనాలి. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైను వేగం లెక్కగట్టడం నా పని కనుక, ఇంట్లో గడియారం పెట్టుకుని చదివి చూశాను. పేరుకు ఆరు సెకన్లు, మొత్తం ఎనిమిది నిమిషాలు. నిర్వాహకుడికి మూడుసార్లు ఫోన్ చేసి చెప్పాను. మూడుసార్లూ "అయిపోతదన్నా" అన్నాడు.

7:40కి ఇస్నాపూర్‌లో షేర్ ఆటో ఎక్కాం. పటాన్‌చెరులో బస్సు కోసం ముప్పై అయిదు నిమిషాలు నిలబడ్డాం. టీచర్‌కు ఆడవాళ్ల ఉచిత టికెట్, నాకు మామూలుది. ఇజ్రాయెల్‌కు ఎదురు పోతున్నవా అని చర్చిలో ఇద్దరు తనతో మాట్లాడటం మానేశారని ఆమె దారిలో చెప్పింది.

నా పక్కన కూర్చున్నాయనది మిసైళ్ల ఫ్యాక్టరీ ఉన్న భానూర్, చిన్న వర్క్‌షాపులో లేతు మీద పని. ఎటు పోతున్నామో విని నవ్వాడు.

"గాడ వాళ్లు కొట్లాడుకుంటె, ఈడ నువ్వు మొత్తుకుంటె ఆగుతదానే?"

ఆగదని నాకూ తెలుసన్నాను. ముందు సీట్లోంచి టీచర్ తిరిగింది.

"బడికి రాని పిల్లగాని పేరు గూడ పిలుస్తం గద తమ్మీ. పిలుసుడు బంద్ జేస్తే పేరు కొట్టేసినట్టే."

అతను సంచీ భుజానికి వేసుకున్నాడు. "మేం బోల్టులు తయారు జేస్తం. అవి ఏడికి పోతయో మాకెర్క లేదు" అని మియాపూర్‌లో దిగిపోయాడు.

10:20కి చేరాం. వెళ్లేవాళ్లు నీళ్లు ఇంటినుంచే తీసుకెళ్లండి, నీడ తక్కువ. సభ 11:25కి మొదలైంది. వేదిక మీదికి పదకొండు మంది. ఒక్కొక్కరినీ పొగుడుతూ పిలవడం, శాలువా, ఫోటో. మనిషికి నాలుగు నిమిషాలు, మొత్తం నలభై నాలుగు. ఇది సంతాప సభా, సన్మాన సభా అని పక్కవాళ్లతో అన్నాను. తర్వాత ఉపన్యాసాలు. నా గొడుగు ఎవరో వక్తకు నీడ పట్టడానికి తీసుకెళ్లారు, మళ్లీ కనిపించలేదు.

12:52కి టీచర్ చేతికి మైకు వచ్చింది. శాలువా పట్టుకొచ్చిన చేతిని పక్కకు నెట్టి, మొదటి పేరు పిలిచింది. జనం గొణిగారు. పదో పేరుకల్లా "హాజర్" అని రోడ్డు దాకా వినిపించింది. సరిగ్గా 12:56కి ఆమె కాగితం అయిపోయింది.

నేను మైకు దగ్గరికి వెళ్లాను. పటాన్‌చెరు కార్మికుల తరఫున వచ్చిన అన్నకు చిరు సత్కారం అన్నాడు నిర్వాహకుడు. గంట నుంచి శాలువాలను తిట్టుకుంటున్న నేను మెడ వంచాను. ఒక ఫోటో. ఫ్లెక్సీ కనబడేలా ఇంకొకటి.

పదిహేడో పేరుకు ఇన్‌స్పెక్టర్ గడియారం చూపించాడు. "ఒంటిగంటైంది పెద్దాయనా, మైక్ బంద్ జెయ్యి." తర్వాతి ధర్నావాళ్లు అప్పటికే బ్యానర్ కడుతున్నారు.

తిరుగు బస్సు ఎక్కే తోపులాటలో చెప్పు పోయింది. ఎర్రగడ్డ దాటాక కాగితం తీసి, మిగిలినవి ఇక్కడే చదవనా అని టీచర్‌ను అడిగాను.

"ఈడ ఎవరు పలుకుతరన్నా?" అంది. కొంతసేపటికి, "శాలువ మంచిగనే ఉన్నది" అంది.

పటాన్‌చెరు వచ్చేలోపు నాలుగుసార్లు లెక్క వేశాను. ప్రతిసారీ ఒకటే వచ్చింది. శాలువాకు, రెండు ఫోటోలకు పట్టింది నూట ముప్పై ఎనిమిది సెకన్లు. పేరుకు ఆరు చొప్పున భాగిస్తే శేషం లేదు.

కాగితం నా దగ్గరే ఉంది. పదిహేడు పేర్ల పక్కన టిక్కులున్నాయి. ఈ రోజుకీ నేను పిలవాల్సినవి ఇరవై మూడు.