ఏసుపాదం చూపుడువేలు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏసుపాదం ఇంటి గరాజ్‌లో కారు ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. మిషిగన్ చలికి కారు బయట మంచు కప్పుకుని నిలబడేది. లోపల చిన్న పొయ్యి మీద సీసం వెచ్చగా కరుగుతుండేది. కారు టైర్లకు తూకం కోసం తగిలించే సీసపు ముక్కలను మెకానిక్ షాపుల్లో అడిగి తెచ్చుకుని, కరిగించి, తాను చేసుకున్న అచ్చులో పోసి తూటాలు తీసేవాడు.

మేమిద్దరం కారు తలుపుల రేకు నొక్కే డైలు అనే ఉక్కు అచ్చులు తయారుచేసే షాపులో పక్కపక్క మెషీన్ల మీద పనిచేశాం. ఆయన మిల్లీమీటరును నలభై భాగాలు చేసి ఒక భాగం తేడా వస్తే భోజనానికి లేచేవాడు కాదు. తూటాల విషయంలోనూ అంతే. సీసం చల్లారితే తూటా మీద ముడతలు వస్తాయి. మరీ కాగితే మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. రెండింటి మధ్య నిగనిగలాడే మెరుపు రావాలి. రాకపోతే మళ్ళీ కుండలోకే.

ఈ పిచ్చి ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. బందరులో ఒక మిషన్ ప్రెస్సులో తండ్రి అక్షరాలు కూర్చే కంపోజిటరు. అరిగిన సీసపు అక్షరాలు కరిగించి కొత్తవి పోస్తుంటే చూస్తూ పెరిగాడు. తండ్రి ఇంకో అలవాటు కూడా ఇచ్చాడని 1984 వరకు ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా.

ఏసుపాదం వెళ్ళే షూటింగ్ క్లబ్ ఒక పాత లాండ్రీ భవనం నేలమాళిగలో ఉండేది. సభ్యుల్లో సగం మంది ఆయన పోసిన తూటాలే కాల్చేవాళ్ళు. శనివారం పోటీల్లో ఆయన కాల్చడం తక్కువ. టార్గెట్ కాగితాలు తెచ్చి కుప్పగా పెడితే ఒక్కొక్కటీ తీసి, చిల్లులు చూసి మార్కులు వేసేవాడు. ఆయన వేసిన మార్కును కాదన్న మనిషి లేడు.

ఆ జూన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లబ్బుకు ఉత్తరం వచ్చింది. మూసిన గదిలో సీసపు తూటాలు కాలిస్తే గాలిలోకి సీసపు ధూళి వస్తుందనీ, అక్కడ ఎక్కువసేపు గడిపేవాళ్ళ రక్తం పరీక్ష చేయించాలనీ. నలుగురికి చేయించారు. ముగ్గురికి రక్తంలో సీసం ఇరవై లోపు వచ్చింది. ఏసుపాదానికి నలభై ఎనిమిది.

క్లబ్ ప్రెసిడెంట్ హెరాల్డ్ మెత్తని మనిషి. "సెప్టెంబర్‌లో ఓటింగ్ పెడతాం జీసస్," అన్నాడు. ఏసుపాదం అని పలకలేక ఆయన పెట్టుకున్న పేరు అది. "నీ నంబర్ ముప్పైకి దిగితే సీసం ఉంటుంది. దిగకపోతే క్లబ్బులో పూర్తిగా రాగి తొడుగున్న తూటాలే. సొంతంగా పోసినవి కుదరవు."

అంటే ఏసుపాదం అచ్చు అటకెక్కుతుంది. కొన్న తూటాతో కాల్చడమంటే ఆయనకు హోటల్ సాంబారు తెచ్చుకుని ఇంట్లో వండానని చెప్పడంతో సమానం.

ఆయన భార్య దీనమ్మ హాస్పిటల్‌లో నర్సు. రిపోర్ట్ చదివి ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

"సెప్టెంబర్ దాకా టైమ్ ఇస్తున్నా. ఆ తర్వాత మీ పొయ్యి ట్రాష్‌లో పడేస్తా," అంది.

"పొయ్యి ఏం చేసిందే? మిగతా ముగ్గురూ అదే గాలి పీలుస్తున్నారుగా?"

"పీలుస్తున్నారు. మీరు తింటున్నట్టున్నారు."

మెషీన్ చెడితే ఏసుపాదం ఒకేసారి పది నట్లు విప్పడు. ఒకటి మార్చి చూస్తాడు, తర్వాత ఇంకొకటి. ఇక్కడా అలాగే మొదలుపెట్టాడు. ముందు పొయ్యిని ఆరుబయటికి మార్చాడు. రెండు వారాల తర్వాత ముక్కుకు మాస్కు, చేతికి గ్లవ్స్. తర్వాత క్లబ్బులో ఫ్యాను బెల్టు. జూలై చివర మళ్ళీ పరీక్ష చేస్తే నలభై ఆరు. మార్చడానికి ఇంకో నట్టు కనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నాలు మావాళ్ళ ఆరాధన ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో జరిగేది. ఏసుపాదమే వాక్యం చదివేవాడు. ఆగస్టు మొదటి ఆదివారం పాస్టర్ ఆమోసు గారు ఒక చోట కుదురుగా ఉండలేదు. ఆదికాండం, అక్కడి నుంచి కొలొస్సయులకు, మళ్ళీ వెనక్కి కీర్తనలకు. పల్చటి బైబిలు కాగితాలు ఏసుపాదం చకచకా తిప్పుతున్నాడు. వెనక వరసలో దీనమ్మ పాటల కాగితం వెనక పెన్సిల్‌తో గీతలు పెడుతోంది.

తిరిగి వెళ్ళేటప్పుడు కారు వెనక సీట్లో నేనూ ఉన్నాను.

"ఏవండీ, శనివారం ఎన్ని టార్గెట్లు తిప్పుతారు?" అంది దీనమ్మ.

"రెండొందలు. ఏం?"

"ఒక్కోదానికి వేలు ఎన్నిసార్లు నాకుతారు?"

"నేనా? ఛ. నాకు ఆ అలవాటు లేదు."

"ఇవాళ ఇరవై ఏడుసార్లు. గీతలున్నాయి, చూస్తారా?"

"ప్రసంగం వినకుండా గీతలు పెడుతూ కూర్చున్నావా?"

"విన్నా. ఆమోసు గారు ఉప్పు గురించి చెప్పారు. మీరు శనివారం శనివారం సీసం నంజుకుంటున్నారు."

ఏసుపాదం సిగ్నల్ దగ్గర ఆగి తన చూపుడువేలును కొత్త పనిముట్టు చూసినట్టు చూశాడు. "మా నాన్న ఇలాగే ప్రూఫు కాగితాలు తిప్పేవాడు," అన్నాడు.

మరుసటి శనివారం నన్ను క్లబ్బుకు తీసుకెళ్ళి, నా చేతికి పెన్సిల్ ఇచ్చి, "దామోదర్ గారూ, వేలు నోటి దగ్గరికి పోతే బల్ల మీద కొట్టండి," అన్నాడు. కొట్టాను. యాభైయో కాగితం దగ్గర హెరాల్డ్ వచ్చి, మృదంగం నేర్చుకుంటున్నావా లాంటిదేదో అడిగి పోయాడు.

అలవాటు మానడం అచ్చు చేసినంత తేలిక కాలేదు. దీనమ్మ వేలికి ఆవకాయ నూనె రాసింది. ఆ వారం ఇంకా ఎక్కువ నాకాడు. తర్వాత కాకరకాయ రసం రాసింది. అది పనిచేసింది. ఆపైన ఆయనే షాపులో లేతు మెషీన్ మీద ఇత్తడి గిన్నె ఒకటి చేసి, అందులో పసుపురంగు స్పాంజి తడిపి పెట్టుకున్నాడు. వేలు నోటికి బదులు అందులో ముంచడం. శనివారం అయ్యాక సబ్బుతో చేతులు మోచేతుల దాకా.

మిగతాదంతా మునుపటిలాగే. అదే గాలి, అవే తూటాలు. సెప్టెంబర్‌లో నంబర్ ఇరవై తొమ్మిది.

మీటింగ్‌లో హెరాల్డ్ రిపోర్ట్ చదివి, "గెలిచావు జీసస్. సీసం ఉంటుంది. అందరూ చేతులెత్తండి, ఇళ్ళకు పోదాం," అన్నాడు.

చేతులు లేస్తున్నాయి. ఏసుపాదం మాత్రం జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన స్పాంజి తీశాడు. నల్లగా ఉంది. బల్ల మీది తెల్ల కాఫీ కప్పులో నీళ్ళు పోసి, స్పాంజిని అందులో ముంచి పిండాడు. నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి.

"ఇది ఒక్క శనివారానిది," అన్నాడు. "నేను నాకడం మానేశాను, నంబర్ దిగింది. అది నా సంగతి. కాగితం మీదకి ఇది ఎక్కడి నుంచి వచ్చింది?"

కప్పును హెరాల్డ్ ముందుకు జరిపాడు.

"బుధవారం బుధవారం గురి నేర్చుకోవడానికి స్కూలు పిల్లలు వస్తారు. కాల్చి, అదే చేత్తో డోనట్ తింటారు. వాళ్ళ వెనక దీనమ్మ ఉండదు."

"నువ్వు చెప్తోంది నీ తూటాలు ఆపమని. తెలుసా?" అన్నాడు హెరాల్డ్.

"తెలుసు. కొలత తప్పిన పని షాపు దాటనివ్వను. నాదైనా సరే."

నిషేధానికి మొదటి చెయ్యి ఆయనదే లేచింది. మిగతావి మెల్లగా, ఒకటొకటిగా. ఆ రాత్రి దీనమ్మ ఫ్రిజ్ మీది రిపోర్ట్ తీసేసింది. పొయ్యి జోలికి పోలేదు.

జనవరిలో ఏసుపాదం నన్ను నలభై మైళ్ళ అవతల ఆరుబయట రేంజ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ సీసం కాల్చొచ్చు. మంచులో మేమిద్దరమే. పది తూటాలు కాల్చి, టార్గెట్లు తెచ్చి కారు బానెట్ మీద పెట్టాడు. రెండు కాగితాలు చలికి అతుక్కుపోయాయి. చూపుడువేలు నోటి వైపు సగం దూరం వెళ్ళింది. నన్ను చూసి ఆగిపోయింది.

కోటు జేబులోంచి ఇత్తడి గిన్నె తీశాడు. స్పాంజి రాయిలా గడ్డకట్టి ఉంది. గోటితో టకటకా కొట్టి చూశాడు.

"దామోదర్ గారూ, ఇప్పుడెలా?"

"ఇక్కడ దీనమ్మ గారు లేరు కదా," అన్నాను.

"మీరున్నారుగా. ఆమెకి చెప్పకుండా ఉండగలరా?"

ఉండలేనని ఇద్దరికీ తెలుసు. గిన్నెను కారు హీటర్ ముందు పెట్టి, స్పాంజి మెత్తబడే దాకా చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాం. ఆ తర్వాతే మార్కులు వేశాడు. నూటికి తొంభై ఆరు.